ర్యామ్ పంపకం: డేటాబేస్ సర్వర్లో ఎవరి వాటా ఎంత?

మార్చి నెలాఖరు, పొద్దున్న పదకొండు గంటలు. పలాసలో కొత్త జీడిపిక్కలు దిగుతున్న రోజులు. ఫోను మోగింది.

"బావూ, సిస్టం మళ్లీ ఆగిపోనాది. నలుగురు గుమస్తాలూ కాళీగా కూసున్నారు. పదారు జీబీ ఏయించినాం కదా, ఇంకా సాల్దా?"

అటువైపు గోదాము యజమాని. 80 కిలోల బస్తాలు లారీ మీదే ఉండిపోయాయి. తూకం చీటీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లోంచి వస్తే తప్ప హమాలీలు బస్తా దింపరు. విజయనగరంలో నా గదిలోంచే లాగిన్ అయి చూశాను. ఆ సాఫ్ట్‌వేర్ వెనకున్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అప్పటికే తనంతట తాను లేచి నడుస్తోంది. లినక్స్ కెర్నల్ లాగ్‌లో మాత్రం ఒక్క లైను ఉంది: "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్", పక్కనే పోస్ట్‌గ్రెస్ పేరు.

మెమరీ పూర్తిగా నిండుకుంటే లినక్స్ ఎవరో ఒకరిని చంపి చోటు చేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక బ్యాకెండ్ (ఒక కనెక్షన్ పని చూసే ప్రాసెస్) అలా చచ్చిపోతే, అందరూ వాడే షేర్డ్ మెమరీ పాడైందేమోనన్న అనుమానంతో మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి రికవరీకి దిగుతుంది. ఒకరు తీసిన రిపోర్టుకి నలుగురి బిల్లులూ ఆగిపోవడం అందుకే.

తప్పు నాదే. పది రోజుల ముందు అక్కడికెళ్లి వర్క్ మెమ్ అనే సెట్టింగ్‌ని 4 ఎంబీ నుంచి 512 ఎంబీకి పెంచి వచ్చాను. అంతవరకూ నిమిషం దాటి పట్టే ఖాతాల రిపోర్టు టీ గ్లాసు కింద పెట్టేలోపు వచ్చేసింది. యజమాని సంబరపడి అరకిలో జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టారు. ఆ పొట్లం అవ్వకుండానే ఈ ఫోను.

లెక్క ఇలా తప్పింది. వర్క్ మెమ్ అంటే సర్వర్ మొత్తానికి ఇచ్చే హద్దు కాదు, ఒక కనెక్షన్‌కి ఇచ్చేదీ కాదు. ఒక క్వెరీలో జరిగే ఒక్కో సార్ట్‌కీ (వరసలో పేర్చడం), ఒక్కో హ్యాష్‌కీ (జతలు కలపడానికి కట్టే పట్టిక) విడివిడిగా ఇచ్చే హద్దు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి హ్యాష్‌కి దానికి రెండింతలు వాడుకునే అనుమతి ఉంది. అంటే సార్ట్‌కి 512 ఎంబీ, హ్యాష్‌కి 1 జీబీ, వెరసి ఒకటిన్నర జీబీ. పెద్ద రిపోర్టు కాబట్టి ప్యారలల్‌గా, అంటే పని పంచుకుని ఒకేసారి నడుస్తుంది. డిఫాల్ట్‌గా ఇద్దరు వర్కర్లు, అసలు ప్రాసెస్‌తో కలిపి ముగ్గురు. మూడు ఒకటిన్నరలు నాలుగున్నర జీబీ. నలుగురు గుమస్తాలు ఒకేసారి అదే రిపోర్టు నొక్కితే 18 జీబీ. మెషీన్లో ఉన్నది 16, అందులో 4 షేర్డ్ బఫర్స్‌కి (పోస్ట్‌గ్రెస్ డేటా పేజీలు దాచుకునే ఉమ్మడి చోటు) అప్పటికే రాసిచ్చేశాం. నేను పరీక్షించిన రోజు ఆ రిపోర్టు తీసింది ఒక్కణ్నే, నేనే.

అందుకని డేటాబేస్ సర్వర్ మెమరీ గురించి ఎవరైనా "ఎంత ఇవ్వాలి" అనడిగితే నేను రెండు ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీ డేటాని గుర్తుపెట్టుకునేది ఎవరు, డేటాబేసా, ఆపరేటింగ్ సిస్టమా? ఒకేసారి చేట (వర్క్ మెమ్ లాంటి పనిచోటు) పట్టుకుని కూర్చునేవాళ్లు ఎందరు? కింద చెప్పబోయే ఎంపికలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు, అది నిజంగా డేటాబేస్ సర్వరేనా?

విజయనగరంలో ఒక మందుల హోల్‌సేల్ కొట్టు. "డెడికేటెడ్ సర్వరండీ, ఇంకేమీ లేదు అందులో" అన్నారు. చూస్తే అందులోనే సీసీ కెమెరాల రికార్డింగ్ నడుస్తోంది, బిల్లింగ్ వెబ్ అప్లికేషన్ తాలూకు జావా ప్రాసెస్ ఒకటి 3 జీబీ పట్టుకుని కూచుంది, రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టూ అక్కడే. ఇలాంటి చోట పుస్తకంలో ఉన్న శాతాలేవీ పనికిరావు. ఆ శాతాలన్నీ డేటాబేస్ ఒక్కటే కాపురం ఉండే ఇంటికి రాసినవి.

కెమెరాల సంగతి మరీ చెడ్డది. అవి ర్యామ్ తినకపోయినా, డిస్కు మీద నిరంతరం రాస్తూ లినక్స్ పేజ్ క్యాష్‌ని (ఫైళ్ల ముక్కలు ర్యామ్‌లో దాచుకునే చోటు) తమ వీడియోతో నింపేస్తుంటాయి. ఎవరూ తిరిగి చూడని ఫుటేజీ కోసం మీ ఖాతాల పేజీలు బయటికి పోతాయి. ముందు వాటిని వేరే పెట్టెలోకి మార్చించండి, పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు. మార్చడం కుదరకపోతే ఇరుగుపొరుగు ప్రాసెస్‌లు రోజులో అత్యధికంగా వాడే మెమరీ ఎంతో చూసి, మొత్తం ర్యామ్‌లోంచి తీసేసి, మిగిలినదే మీ ర్యామ్ అనుకుని శాతాలు కట్టుకోండి.

పావు వాటానా, ముప్పావు వాటానా?

నెట్‌లో వెతికితే ఒకచోట 25 శాతం అని, ఇంకోచోట 75, 80 అని కనిపిస్తుంది. రెండూ నిజమే, రెండూ వేరే వేరే డేటాబేస్‌ల గురించి. ఒకదాని సూత్రం ఇంకోదానికి అంటగట్టడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ.

పోస్ట్‌గ్రెస్ సంగతి ముందు. దానికి కావలసిన 8 కేబీ పేజీని తన షేర్డ్ బఫర్స్‌లో వెతుక్కుంటుంది. లేకపోతే లినక్స్‌ని అడుగుతుంది. లినక్స్ దగ్గర పేజ్ క్యాష్‌లో ఉంటే డిస్కు దాకా వెళ్లకుండా అక్కణ్నుంచే ఇస్తుంది. కొట్లో ముందు అలమర, వెనక గది, ఊరి బయట గోదాము ఉన్నట్టు. పోస్ట్‌గ్రెస్ ఆ వెనక గదిని నమ్ముకునే కట్టిన డేటాబేస్. అందుకే డెడికేటెడ్ సర్వర్లో షేర్డ్ బఫర్స్‌ని మొత్తం ర్యామ్‌లో 25 శాతం దగ్గర మొదలుపెట్టమని, 40 శాతం దాటితే పెద్ద లాభం ఉండకపోవచ్చని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. ఏమీ ముట్టుకోకపోతే మాత్రం ఉండేది 128 ఎంబీ.

ఇందులో నాకు అస్సలు నచ్చనిది సగం సగం పంపకం. 32 జీబీలో 16 పోస్ట్‌గ్రెస్‌కి, 16 లినక్స్‌కి అంటే న్యాయంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అదే పేజీ అలమరలో ఒకటి, వెనక గదిలో ఒకటి పడుంటే, 32 జీబీ పెట్టి 16 జీబీ సరుకే నిల్వ చేసినట్టు. పావు వాటా దగ్గర ఈ దుబారా తక్కువ.

మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ దారి వేరు. దాని బఫర్ పూల్‌కి తన పేజీల మీద (ఇక్కడ ఒక్కో పేజీ 16 కేబీ) తనకే పెత్తనం కావాలి. ఫ్లష్ మెథడ్‌ని (డిస్కుకి రాసే పద్ధతి) ఓ డైరెక్ట్ అని పెడితే డేటా ఫైళ్లు లినక్స్ పేజ్ క్యాష్ జోలికి పోకుండా నేరుగా డిస్కుకీ పూల్‌కీ మధ్య తిరుగుతాయి. వెనక గది ఎత్తేసినట్టే గనుక, ఆ చోటంతా అలమరకే ఇవ్వచ్చు. 75 శాతం మాట పుట్టింది ఇక్కడ. కానీ లినక్స్ మీద 8.0లో ఈ మెథడ్ డిఫాల్ట్‌గా ఎఫ్‌సింక్, అంటే పేజ్ క్యాష్ మీదుగానే. 8.4కి వచ్చాకే, సిస్టం ఒప్పుకుంటే, ఓ డైరెక్ట్ డిఫాల్ట్ అయింది. పాత సర్వర్లో పూల్‌ని 75 శాతానికి పెంచి, మెథడ్ మార్చడం మరిచిపోతే రెండు క్యాష్‌లూ ర్యామ్ కోసం కొట్టుకుంటాయి, చివరికి స్వాప్ (ర్యామ్ చాలక డిస్కుని వాడుకోవడం) మొదలవుతుంది.

ఆ మందుల కొట్లో 16 జీబీ మెషీన్, డేటా 9 జీబీ, బఫర్ పూల్ డిఫాల్ట్ 128 ఎంబీ దగ్గరే ఉంది, కొన్న రోజు నుంచీ. 9 జీబీ సరుకుని అరచేతిలో తిప్పుతున్నారన్నమాట. కెమెరాలు తీయించి, జావా ప్రాసెస్‌ని పక్క మెషీన్‌కి పంపి, పూల్‌ని 11 జీబీ చేశాను. 12 ఎందుకు చేయలేదంటే, పూల్‌కి అడిగిన దానికంటే లోపలి లెక్కల కోసం సుమారు పదో వంతు అదనంగా పడుతుంది. 12 అంటే నిజానికి 13 పైచిలుకు. ఇంకో మెలిక కూడా ఉంది. 8.0లో పూల్ సైజు చంక్‌ని (పూల్ పెరిగే ముక్క) ఇన్‌స్టన్స్‌ల (పూల్‌ని విడగొట్టిన భాగాలు) సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చే దానికి గుణిజంగా ఉండాలి. డిఫాల్ట్‌గా 128 ఎంబీ చంకు, 8 ఇన్‌స్టన్స్‌లు, అంటే 1 జీబీ. మీరు పదకొండున్నర అని రాస్తే అది చెప్పకుండా 12 చేసేస్తుంది.

"ఇవన్నీ మాకెందుకు" అనేవాళ్లకి ఇన్నోడీబీ డెడికేటెడ్ సర్వర్ అనే స్విచ్చి ఒకటుంది. ఆన్ చేస్తే ర్యామ్ చూసుకుని, 4 జీబీ దాటిన మెషీన్లో 75 శాతం తానే తీసుకుంటుంది. ఐటీ మనిషి లేని ఆఫీసుకి నేను ఇదే పెట్టి వస్తాను. సీసీ కెమెరాలున్న మెషీన్లో మాత్రం పొరపాటున కూడా ముట్టుకోను.

ఇంకో తేడా రోజువారీ పనిలో తెలుస్తుంది. ఇన్నోడీబీ పూల్‌ని 5.7 నుంచి సర్వర్ ఆపకుండానే పెంచచ్చు, తగ్గించచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్ మార్చాలంటే రీస్టార్ట్ తప్పదు. విజయనగరంలో ఇంకొక చోట పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్‌కి యజమాని ఒప్పుకునే రోజు కోసం వారాల తరబడి చూసి, చివరికి దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, సిరిమానోత్సవం నాడు చేశాను. ఊరంతా పైడితల్లమ్మ గుడి దారిలో ఉంటుంది, ఆ పూట బిల్లు కొట్టించుకునే నాథుడు ఉండడు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి రెండు ముక్కలు. మ్యాక్స్ సర్వర్ మెమరీకి డిఫాల్ట్ హద్దు లేదన్నట్టే, దొరికినంతా మెల్లిమెల్లిగా తీసుకుంటుంది. కాబట్టి 16 జీబీలో 12 అని మీరే గీత గీయండి. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అయితే, 2019, 2022 వెర్షన్లలో బఫర్ పూల్ 1410 ఎంబీ దాటదు. ఎక్స్‌ప్రెస్ నెమ్మదించిందని 32 జీబీ ర్యామ్ కొనిపించిన వాళ్లని చూశాను. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొని ఉండాల్సింది.

చేటలు: అందరికీ పెద్దవా, అడిగినవాళ్లకేనా?

పలాసలో గ్రేడింగ్ గదిలోకి వెళ్తే వరసగా ఆడవాళ్లు కూచుని పప్పు ఏరుతుంటారు. డబ్ల్యూ 180, 240, 320 అని సైజులు, బద్దలు వేరు, ముక్కలు వేరు. ఎదురుగా చేట పెద్దదైతే ఒక్క దఫాలో ఏరేస్తారు. చిన్నదైతే సగం ఏరి, పక్కన గోనె మీద పోసి, మళ్లీ ఎత్తుకుని కలపాలి. వర్క్ మెమ్ అచ్చంగా ఆ చేటే. చాలకపోతే పోస్ట్‌గ్రెస్ డిస్కు మీద టెంప్ ఫైళ్లు రాసుకుని, తర్వాత కలుపుకుంటుంది. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి నడిపితే "ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్" అని కనిపిస్తే గోనె మీద పోసిందని అర్థం. "క్విక్‌సార్ట్, మెమరీ" అంటే చేటలోనే అయిపోయింది.

గది వైశాల్యం మాత్రం పెరగదు. అందరికీ పెద్ద చేటలిస్తే కూర్చోడానికి చోటుండదు. నేను మార్చిలో చేసిన పని అదే.

దీనికి మూడు దారులున్నాయి. డిఫాల్ట్ 4 ఎంబీ దగ్గర వదిలేయడం: ఎప్పటికీ కూలదు, రిపోర్టులు నత్తనడక. అందరికీ పెంచడం: ఒక్కరు పరీక్షిస్తే అద్భుతంగా ఉంటుంది, సీజన్లో కూలుతుంది. మూడోది, మామూలు వాళ్లకి చిన్న చేట, రిపోర్టు తీసేవాళ్లకి వేరే యూజర్ పెట్టి పెద్ద చేట. నేనిప్పుడు మూడోదే చేస్తాను, వేరే ఆలోచనే లేదు.

పలాస మెషీన్‌కి తర్వాత మరో 16 జీబీ వేసి 32 చేశాం. ఆ 32 జీబీ లెక్క ఇది. షేర్డ్ బఫర్స్‌కి 8. లినక్స్‌కీ, కనెక్షన్ల మామూలు ఖర్చుకీ 3. వ్యాక్యూమ్ (పాత వరసల చెత్త ఊడ్చడం), ఇండెక్స్ కట్టడం లాంటి పనులకి 2. పేజ్ క్యాష్‌కి కనీసం 12 మిగలాలని నా పట్టుదల. మొత్తం 25 పోయింది, చేటలకి 7 జీబీ మిగిలింది.

సీజన్లో ఒకేసారి నిజంగా క్వెరీ నడుపుతూ ఉండేవాళ్లు 30 మంది అనుకుందాం, ఇది గట్టి లెక్క. ఒక్కొక్కరి క్వెరీలో ఒక సార్ట్, రెండింతలు తినే ఒక హ్యాష్, అంటే మూడు చేటలు. 90. ప్యారలల్ వర్కర్లు డిఫాల్ట్‌గా మొత్తం మీద 8 మందే, వాళ్లకి 24. కలిపి 114 చేటలు. 7 జీబీని 114 పెట్టి భాగిస్తే సుమారు 63 ఎంబీ. ఇలా వచ్చిన దాన్ని నేను మళ్లీ సగం చేస్తాను, ఎందుకంటే క్వెరీలో రెండు సార్ట్‌లు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి అందరికీ 32 ఎంబీ. రిపోర్టు యూజర్‌కి విడిగా 256 ఎంబీ, ఆ యూజర్ కింద ఒకేసారి ఇద్దరే లాగిన్ అవ్వగలిగేలా కనెక్షన్ లిమిట్. ఇద్దరూ ముగ్గురేసి ప్రాసెస్‌లతో, సార్ట్‌కి 256, హ్యాష్‌కి 512 లాగినా 4.5 జీబీ దగ్గర ఆగుతుంది. మిగిలినవాళ్లు కొట్టేది బిల్లులే గనుక అది సరిపోతుంది. మూడో గుమస్తా రిపోర్టు నొక్కితే "కనెక్షన్లు ఎక్కువయ్యాయి" అని వస్తుంది. మొదట్లో విసుక్కున్నారు. లారీ ఆగడం కన్నా అది నయం.

మ్యాక్స్ కనెక్షన్స్ 100 ఉంది కదా, అందరినీ లెక్కేయాలా అంటారు. వాళ్లలో చాలామంది ఊరికే తెరిచిపెట్టుకుని కూచున్నవాళ్లు, చేట పట్టనివాళ్లు. కానీ అప్లికేషన్ రాసినవాళ్లు కనెక్షన్లని ఇష్టమొచ్చినట్టు తెరుస్తుంటే పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచేది) పెట్టి, వెనకాల నిజమైన కనెక్షన్లు 30 దాటకుండా చూడండి. వర్క్ మెమ్ పెంచుకునే ధైర్యం అప్పుడొస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో చేటల గొడవ తక్కువే. సార్ట్ బఫర్, జాయిన్ బఫర్ డిఫాల్ట్‌గా 256 కేబీ. వాటిని అలాగే వదిలేయమని నా సలహా. నెట్‌లో దొరికిన పాత కాన్ఫిగ్ ఫైల్ కాపీ కొట్టి ఈ రెండింటినీ 64 ఎంబీ చేసేవాళ్లున్నారు, 151 కనెక్షన్ల డిఫాల్ట్ మీద. నా మార్చి కథే మళ్లీ. క్వెరీలో పుట్టే టెంపరరీ టేబుళ్లకి 8.0లో సర్వర్ మొత్తానికి 1 జీబీ ఉమ్మడి హద్దు ఉంది, టెంప్‌టేబుల్ మ్యాక్స్ ర్యామ్ అని. ఉమ్మడి హద్దు ఉండటం నాకు నచ్చిన విషయం. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది లేకపోవడం వల్లే ఈ లెక్కంతా మనం కట్టుకోవాల్సి వస్తోంది.

వ్యాక్యూమ్ వాటా గురించి ఒక్క మాట: మెయింటెనెన్స్ వర్క్ మెమ్ డిఫాల్ట్ 64 ఎంబీ, దాన్ని 512 చేస్తే ఆటోవ్యాక్యూమ్ వర్కర్లు ముగ్గురికీ కలిపి ఒకటిన్నర జీబీ. పైన 2 జీబీ తీసి పక్కన పెట్టింది అందుకే. 17వ వెర్షన్‌కి ముందు వ్యాక్యూమ్ 1 జీబీకి మించి వాడుకోలేదు కాబట్టి అంతకన్నా ఇచ్చినా వృథా.

ఇక ఎఫెక్టివ్ క్యాష్ సైజ్. దీన్ని చూసి భయపడేవాళ్లు ఎక్కువ. ఇది ఒక్క బైటు మెమరీ కూడా తీసుకోదు. "షేర్డ్ బఫర్స్, పేజ్ క్యాష్ కలిపి మాకు ఇంత ఉంది" అని ప్లానర్‌కి (క్వెరీ ఏ దారిన నడపాలో తేల్చే భాగం) చెప్పే మాట మాత్రమే. ఎక్కువ చెబితే ఇండెక్స్ వైపు మొగ్గుతుంది. డిఫాల్ట్ 4 జీబీ. 32 జీబీ మెషీన్లో 20 అని పెట్టండి.

కరెంటు పోయి వచ్చాక

2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. ఆ తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. తుఫాను దాకా ఎందుకు, మే నెలలో ఈదురుగాలికి కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ ముసలిదై సర్వర్ ఠక్కున ఆరిపోవడం మా వైపు మామూలే. మళ్లీ ఆన్ అయ్యాక క్యాష్ అంతా ఖాళీ. మొదటి గంట సర్వర్ నిద్రమత్తులో ఉన్నట్టుంటుంది, ఆ గంటలోనే అందరూ ఫోన్లు చేస్తారు.

ఇక్కడ రెండు డేటాబేస్‌లకీ తేడా ఉంది. ఇన్నోడీబీ పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే, పూల్‌లో ఈమధ్యే వాడిన పేజీల జాబితా (డిఫాల్ట్‌గా 25 శాతం) రాసిపెట్టుకుని, లేవగానే వాటిని తెచ్చుకుంటుంది. ఠక్కున ఆరిపోతే ఆ జాబితా రాసే తీరిక ఉండదు. లేచాక చేతిలో ఉండేది ఎప్పటిదో పాత జాబితా. అందుకని గంటకోసారి డంప్ నౌ కొట్టే చిన్న ఈవెంట్ పెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ప్రీవార్మ్ అనే ఎక్స్‌టెన్షన్‌ని సర్వర్ మొదలయ్యేటప్పుడే లోడ్ అయ్యేలా పెడితే, ప్రతి 300 సెకన్లకీ తానే జాబితా రాసుకుంటుంది. ఠక్కున ఆరినా పోయేది ఐదు నిమిషాల జ్ఞాపకమే. వెర్షన్ 11 నుంచి ఉంది, అయినా మా వైపు ఏ సర్వర్లోనూ నేను వెళ్లకముందు ఆన్ చేసి ఉండగా చూడలేదు.

స్వాప్ తీసేయాలా అని అడుగుతారు. వద్దు, 2 నుంచి 4 జీబీ ఉంచండి, స్వాపినెస్‌ని (స్వాప్‌కి ఎంత తొందరపడాలో చెప్పే అంకె) 60 నుంచి 10కి దించండి. దాంతోపాటు పోస్ట్‌గ్రెస్ మెషీన్లో ఓవర్‌కమిట్ మెమరీ అనే లినక్స్ సెట్టింగ్‌ని 2 చేస్తే, మెమరీ లేనప్పుడు లినక్స్ ఎవరినో చంపే బదులు "లేదు పొమ్మని" ఆ ఒక్క క్వెరీకే చెబుతుంది. ఎర్రర్ వచ్చేది అడిగినవాడికి, మిగతావాళ్ల బిల్లులు నడుస్తాయి. ఒక జాగ్రత్త ఉంది: ఓవర్‌కమిట్ రేషియో డిఫాల్ట్ 50. అది అలాగే ఉంటే స్వాప్, సగం ర్యామ్ కలిపినంత దాకానే అనుమతి. 80 నుంచి 90 మధ్య పెట్టకపోతే సగం ర్యామ్ ఖాళీగా ఉండగానే మెమరీ లేదని గోల పెడుతుంది. ఇన్నోడీబీ మెషీన్లో నేను ఈ ఓవర్‌కమిట్ జోలికి పోను.

హ్యూజ్ పేజీల గురించి చాలామంది పట్టించుకోరు, కానీ లెక్క చూస్తే నోరు తెరుస్తారు. 8 జీబీ షేర్డ్ బఫర్స్‌ని మామూలు 4 కేబీ పేజీలుగా కోస్తే 20 లక్షలకు పైగా. ఒక్కోదానికి పేజ్ టేబుల్‌లో 8 బైట్ల ఎంట్రీ, అంటే 16 ఎంబీ. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్, ఎవరి టేబుల్ వాళ్లదే. 100 కనెక్షన్లూ బఫర్స్ అంతా తిరిగొస్తే 1.6 జీబీ, డేటా కాదు, కేవలం చిరునామాల పుస్తకాలకి. 2 ఎంబీ పేజీలైతే ఎంట్రీలు 4096 మాత్రమే. షేర్డ్ బఫర్స్ 8 జీబీ దాటితే పెట్టండి, 4 లోపు అయితే వదిలేయండి. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్లన్నీ ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు కాబట్టి ఈ బాధ అంతగా లేదు.

ర్యామ్ కొనాలా వద్దా, దేన్ని చూసి చెప్పాలి?

హిట్ రేషియో (అడిగిన పేజీల్లో ర్యామ్‌లోనే దొరికినవి) 99 శాతం ఉందని ఒకాయన గర్వంగా స్క్రీన్‌షాట్ పంపారు. ఇన్నోడీబీ సెకనుకి లక్ష పేజీలు అడుగుతోంది ఆయన సర్వర్లో. ఒక్క శాతం తప్పితే వెయ్యి సార్లు డిస్కుకి పోవాలి. 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కు అటూ ఇటూ గెంతుతూ సెకనుకి చదవగలిగేది వంద దగ్గర్లో. కాబట్టి శాతం చూడకండి. బఫర్ పూల్ రీడ్స్ అనే కౌంటర్‌ని పొద్దున్న పదింటికి ఒకసారి, పావుగంట తర్వాత ఇంకోసారి రాసుకుని, తేడాని 900తో భాగించండి. సెకనుకి ఎన్నిసార్లు డిస్కు తలుపు తడుతోందో తెలుస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ పని ఇంకాస్త గజిబిజి. అక్కడ "రీడ్" అని లెక్కపడేది షేర్డ్ బఫర్స్‌లో దొరకనిదంతా, అది లినక్స్ పేజ్ క్యాష్ నుంచి వచ్చినా సరే. 90 శాతం హిట్ చూసి కంగారుపడి షేర్డ్ బఫర్స్ రెండింతలు చేయకండి. ఐఓస్టాట్ (డిస్కు పని కొలిచే లినక్స్ కమాండ్) పెట్టి డిస్కు నిజంగా చదువుతోందా అని చూడండి. చేటల కోసమైతే లాగ్ టెంప్ ఫైల్స్‌ని 10 ఎంబీ అని పెట్టి వారం ఆగండి. గోనె మీద పోసిన ప్రతి క్వెరీ లాగ్‌లో ఉంటుంది. ఒకే రిపోర్టు పదేపదే కనిపిస్తే దానికే చేట పెంచండి, లేదా ఇండెక్స్ వేయండి.

డేటా మొత్తం 200 జీబీ ఉన్నా, రోజూ తిరిగేది ఈ మూడు నెలలదే అయితే దానికి సరిపడా ర్యామ్ చాలు.

పోయిన సీజన్లో పలాస నుంచి మళ్లీ ఫోను. "బావూ, ఇప్పుడు బాగానే నడస్తంది గానీ, మా తమ్ముడు ఇంకో ముప్పై రెండు ఏయించీమంటన్నాడు. ఏటి సేద్దాం?" ఆ పూట ఐఓస్టాట్ చూశాను. డిస్కు రీడ్స్ సెకనుకి పది కూడా లేవు. లాగ్‌లో వారం మొత్తానికి టెంప్ ఫైళ్లు ఆరు, ఆరూ జీఎస్టీ రిపోర్టువే. ర్యామ్ వద్దని చెప్పి, ఆ డబ్బుతో యూపీఎస్ బ్యాటరీలు మార్పించమన్నాను.